తాతగారు చూసిన గుడ్డ సంచి: మీ ఊరి పాత రన్‌వే మీద శిక్షణ జరిగిందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. విజయనగరం జిల్లాలో మీ ఊరికి రెండు మైళ్ల దూరంలో పొలాల మధ్య పాత సిమెంటు పట్టీ ఒకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ పైలట్లకు శిక్షణ ఇచ్చేవారని ఊళ్లో చెప్పుకుంటారు. ఒక విమానం వెనక తెల్లటి గుడ్డ సంచి కట్టుకుని సముద్రం వైపు ఎగిరేదని, దాని మీద కాల్పులు జరిగేవని మీ తాతగారు చెప్పేవారు. ఆయన ఇప్పుడు లేరు. ఆయన చెల్లెలు మాత్రం ఊళ్లోనే ఉన్నారు, తొంభై దాటాయి. మీరు ఎక్కడ వెతికినా ఆ పట్టీ గురించి ఒక్క ముక్క దొరకలేదు. ఇదంతా కట్టుకథేనా అని అడిగారు.

తాతగారు చెప్పింది కట్టుకథ కాదు. విమానం వెనక గుడ్డ సంచి కట్టడమనేది పల్లెటూరి కుర్రవాడు ఊహించి చెప్పగలిగే సంగతి కాదు, కళ్లారా చూసినవాడే చెప్పగలడు. అది గురి నేర్పే పద్ధతి. అయితే రన్‌వే ఉన్నంత మాత్రాన అక్కడ పైలట్ల శిక్షణ పాఠశాల ఉండేదని అనుకోకూడదు. ఆకాశంలో జరిగిన అభ్యాసం వేరు, నేల మీది పాఠశాల వేరు. మీ ఊరి విషయంలో మొదటిది నాకు గట్టిగా కనిపిస్తోంది. రెండోదానికి ఇంకా ఆధారం వెతకాలి.

నేను వైమానిక దళంలో ఆర్మమెంట్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మాది చీపురుపల్లి వైపు. ఇంటికి వచ్చేసిన తర్వాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత రన్‌వే ఉందని ఎవరు చెప్పినా వెళ్లి చూడడం అలవాటు చేసుకున్నాను. విమాన తుపాకులతోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి ఆ సంచి సంగతే ముందు చెబుతాను.

దాన్ని డ్రోగ్ అంటారు. గాలివాటం చూడడానికి ఎయిర్‌పోర్టుల్లో కట్టే గుడ్డ గొట్టం లాంటిదే, ఇంకా పొడవుగా ఉంటుంది. ఒక విమానం దాన్ని వందల మీటర్ల ఇనుప తాడుతో లాక్కుంటూ తిన్నగా ఎగురుతుంది. శిక్షణలో ఉన్నవాడు పక్క నుంచి వంపు తిరుగుతూ వచ్చి దాని మీద కాలుస్తాడు. గురి తప్పిన గుళ్లన్నీ ఎక్కడో ఒకచోట పడాలి కాబట్టి ఈ అభ్యాసానికి వీలైనంత వరకు సముద్రం వైపు వెళ్తారు. తాతగారు "సముద్రం వైపు" అని కూడా చెప్పారంటే ఆయన మాట మీద నాకు నమ్మకం ఇంకా పెరిగింది.

ఒకే సంచి మీద ఇద్దరు ముగ్గురు కాలుస్తారు. మరి ఎవరి గుండు ఎవరిదో ఎలా తెలుస్తుంది? గుళ్ల ముక్కులను రంగులో ముంచుతారు. ఒకరికి ఎరుపు, ఒకరికి నీలం. గుండు గుడ్డను చీల్చుకుపోయేటప్పుడు కన్నం అంచుకు ఆ రంగు అంటుకుంటుంది. గుజరాత్‌లోని జామ్‌నగర్ వైమానిక స్థావరంలో నేను చేసిన పనుల్లో ఇది ఒకటి. మా కాలానికి సంచి బదులు పొడవాటి జెండా లాంటి గుడ్డ వచ్చింది, పద్ధతి మాత్రం మారలేదు. గుడ్డను నేల మీద పరచి, మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క కన్నం అంచునూ వేలితో తడిమి, రంగు చూసి సుద్దతో గుర్తు పెట్టేవాళ్లం. కుర్ర పైలట్లు మా వెనకే నిలబడి ఊపిరి బిగబట్టి చూసేవారు. కన్నం గుండ్రంగా ఉంటే పక్క నుంచి సరైన కోణంలో కాల్చినట్టు. వెదురాకులా సాగి ఉంటే దాదాపు తిన్నగా వెనక నుంచి కాల్చినట్టు, అంటే ఆ గుళ్లు ముందున్న విమానం వైపే వెళ్లాయన్నమాట. అలా సాగిన కన్నాలు కనిపించిన రోజు ఆ కుర్రవాణ్ని బోధకుడు పక్కకు పిలిచి మాట్లాడేవాడు. యుద్ధకాలంలోనూ ఇంతే. గుండుకు బదులు ఫొటో తీసే కెమెరా తుపాకులు కూడా వాడేవారు కానీ, గుడ్డ మీది కన్నం చెప్పినంత సూటిగా మరేదీ చెప్పదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. గుడ్డ సంచి కనబడినంత మాత్రాన నేర్చుకుంటున్నది పైలట్లే అనుకోకండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ర్యూజో అనే చిన్న విమాన వాహక నౌక మీది నుంచి వచ్చాయవి. విమానాలను కూల్చే తుపాకులు ఆ తర్వాత ఈ తీరానికి ఎంత అవసరమయ్యాయో వేరే చెప్పనక్కర్లేదు. నేల మీది ఆ తుపాకీ దళాలకూ గురి నేర్పాలి కదా. వారికోసం సంచులు లాగడమే పనిగా ఉన్న విమాన దళాలు ఆ రోజుల్లో మన దేశంలో ఉండేవి. అలాంటప్పుడు పైలట్ చేసేది లాగడమొక్కటే, పాఠం నేల మీదివారిది. కాబట్టి కాల్పులు ఆకాశంలో నుంచి వచ్చాయా, నేల మీది నుంచి లేచాయా అన్నది మీకు చాలా ముఖ్యం.

ఇప్పుడు పాఠశాలల సంగతి. యుద్ధం మొదట్లో పైలట్ల కొరత ఎంతగా ఉండేదంటే, బ్రిటన్ 1939 డిసెంబరులో కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో ఒప్పందం చేసుకుని శిక్షణను సముద్రాల అవతలికి తరలించింది. కెనడా ఒక్కటే యుద్ధం ముగిసేసరికి 1,31,553 మందిని తయారు చేసింది. పైలట్లతో పాటు నావిగేటర్లు, వైర్‌లెస్ ఆపరేటర్లు, బాంబు గురికాండ్రు, గన్నర్లు అందరూ ఆ లెక్కలోకే వస్తారు. అంత దూరం ఎందుకు వెళ్లారంటే, నేర్చుకునేవాడికి శత్రువు రాని ఆకాశం కావాలి.

మన దేశంలోనూ అదే లెక్క. కుర్రవాడు ముందు లాహోర్ దగ్గర వాల్టన్‌లో క్రమశిక్షణ, సిద్ధాంతం నేర్చుకునేవాడు. తర్వాత బేగంపేటలోనో జోధ్‌పూర్‌లోనో టైగర్ మాత్ అనే చిన్న శిక్షణ విమానం మీద మొదటి పాఠాలు. అక్కడి నుంచి అంబాలాకు పైతరగతి, ఆపైన రిసాల్‌పూర్, పెషావర్‌లలో యుద్ధ విమానం మీద ఆఖరి మెరుగు. హైదరాబాద్‌లో పుట్టి, తర్వాత భారత వైమానిక దళాధిపతి అయిన ఇద్రిస్ హసన్ లతీఫ్ కూడా అంబాలాలోనే నేర్చుకుని 1942లో కమిషన్ పొందారు. నాలుగు ఇంజన్ల లిబరేటర్ బాంబర్‌కు సిబ్బందిని కోలార్‌లో సిద్ధం చేసేవారు. థండర్‌బోల్ట్, మస్కిటో అనే యుద్ధ విమానాలకు యలహంకలో. ఈ పేర్లన్నీ పటంలో పెట్టి చూడండి, ఒక్కటీ తూర్పు తీరంలో ఉండదు. 1942లో జపాన్ నౌకలు బంగాళాఖాతంలో తిరుగుతుంటే చేయి తిరగని కుర్రవాడిని విశాఖ పక్కన ఎవరు ఎగరనిస్తారు? ఆ సమయంలో విశాఖపట్నంలో ఉన్నది తీర రక్షణ దళం. పాత వాపిటీల వంటి విమానాలతో సముద్రం మీద కాపలా కాయడం అలాంటి దళాల పని.

మరి తీరంలో శిక్షణే జరగలేదా అంటే, జరిగింది. ప్రమాదం కొంత తగ్గిన తర్వాత, 1943లో, మనకు ఉత్తరాన ఒడిశాలోని మయూర్‌భంజ్‌లో అమర్దా రోడ్ అనే చోట వైమానిక యుద్ధ శిక్షణ కేంద్రం పెట్టారు. దాని రన్‌వే మూడు కిలోమీటర్లు దాటి ఉంటుంది. 1940లో బ్రిటన్ మీది ఆకాశంలో జరిగిన పోరాటంలోనూ బర్మాలోనూ పేరు తెచ్చుకున్న ఫ్రాంక్ కేరీ దానికి అధిపతి. అక్కడికి వచ్చేవారు ఎగరడం రానివారు కారు. ఇప్పటికే దళాల్లో ఉన్న పైలట్లను, బాంబర్ల గన్నర్లను రప్పించి గురి, ఎదురుదాడి, గుంపుగా ఎగరడం నేర్పేవారు. మీ తాతగారు చూసింది ఈ తరగతికి చెందిన అభ్యాసమే అనిపిస్తోంది. ఒక దళం కొన్ని వారాలు ఒక రన్‌వే మీద మకాం వేసి, సముద్రం మీదికి వెళ్లి కాల్చుకుని, ముందుకు సాగిపోతుంది. దానికి పాఠశాల బోర్డు ఉండదు. ఊరివాళ్ల కళ్లకు మాత్రం అది శిక్షణే, ఆ మాట తప్పు కూడా కాదు.

నేల మీద ఏం చూడాలి. సిమెంటు పట్టీని ఆఖరున చూడండి. ఒకసారి శ్రీకాకుళం జిల్లాలో ఒక మిత్రుడు ఎంతో ఉత్సాహంగా నన్ను తీసుకెళ్లి "యుద్ధకాలం రన్‌వే" చూపించాడు. పగిలిన అంచుల్లో సన్నటి ఇనుప ఊచల అల్లిక కనిపించింది. చుట్టుపక్కల వాకబు చేస్తే అది చాలా తర్వాత ఒక కాలువ పని జరిగినప్పుడు సామాను నిల్వకు పోసిన చపటా అని తేలింది. యుద్ధకాలపు రన్‌వేల్లో నేను చూసినవి చాలావరకు ఊచలు లేని గట్టి కాంక్రీటు పలకలే. పలకకూ పలకకూ మధ్య సందులో తారు ఉంటుంది. కంకర పెద్దదిగా, చేత్తో కొట్టినట్టు ఎగుడుదిగుడుగా ఉంటుంది.

రన్‌వే కంటే దాని చుట్టుపక్కల ఉన్నవే ఎక్కువ చెబుతాయి. మొదట చూడవలసింది గట్టు. విమానం రెక్కల్లోని తుపాకులు ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు, ముందు కొంత దూరంలో గుళ్లన్నీ ఒక చోట కలిసేలా వాటిని కొద్దిగా లోపలికి తిప్పుతారు. చాలా ఫైటర్లకు ఆ దూరం 250 గజాలు. ఇందుకోసం విమానం తోకను జాకీ మీద ఎత్తి, ఎదురుగా బోర్డు పెట్టి సరిచూస్తారు, అవసరమైతే కాల్చి చూస్తారు. ఆ గుళ్లను ఆపడానికి వెనక ఇసుక నింపిన ఎత్తైన గోడో మట్టి దిబ్బో కావాలి. పొలాల మధ్య ఏ కారణమూ లేకుండా మూడు వైపులా మూసి ఒక వైపు తెరిచిన దిబ్బ ఉంటే, దాని ఎదుట గచ్చు కూడా ఉంటే, అది ఇదే కావచ్చు. విమానాన్ని బాంబుల నుంచి కాపాడే గట్లు కూడా మూడు వైపులా మూసే ఉంటాయి, కానీ అవి విమానం పట్టేంత వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉంటాయి.

బాంబులు వేయడం నేర్పిన చోటైతే లక్ష్యానికి దూరంగా రెండు చిన్న గదుల పునాదులు దొరకవచ్చు. అయిదు కిలోల పొగ బాంబు పడగానే రెండు గదుల్లోని ఇద్దరూ పొగ ఏ దిక్కున లేచిందో కొలిచేవారు. కాగితం మీద ఆ రెండు గీతలు కలిసిన చోటే బాంబు పడిన చోటు.

పాఠశాల ఉన్న చోట లింక్ ట్రైనర్ గది కూడా ఉండేది. అది ఎగరని విమానం. మూత వేసిన చిన్న డబ్బాలో కుర్రవాడు కూర్చుంటాడు, అతనికి మీటలు, ముళ్లు తప్ప ఏమీ కనబడవు. అడుగున తోలు తిత్తులు గాలి పీల్చి వదులుతూ డబ్బాను ఒరిగిస్తాయి. దాన్ని తయారు చేసిన ఎడ్విన్ లింక్ కుటుంబానిది పియానోలు, ఆర్గన్‌లు చేసే వ్యాపారం, ఆ తిత్తుల ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. సంగీతానికి పేరున్న విజయనగరంలో పెరిగినవాణ్ని కాబట్టి ఈ మాట నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. హార్మోనియం తిత్తి లాంటిదే వేలమంది పైలట్లకు మబ్బులో దారి తప్పకుండా ఉండడం నేర్పింది.

మరో గుర్తు కడియాలు. మన జిల్లాలోనే ఒక చోట, పగిలిన గచ్చు మీద గోగునార ఆరబెట్టి ఉంది. పక్కనే ఒక గేదెను కట్టేశారు. గుంజ లేదు, పలుపు తాడు గచ్చులోకి దిగిన ఇనుప కడియానికి ముడి వేసి ఉంది. వంగి చూశాను. బొటనవేలంత మందం, లోపలి అంచు తాడు రాపిడికి నున్నగా అరిగిపోయింది. నాలుగు అడుగులు వేస్తే ఇంకొకటి, అటు పక్క మూడోది. గాలివానకు విమానాలు లేచిపోకుండా రెక్కలను, తోకను కట్టే కడియాలు అలాగే ముక్కోణంగా ఉంటాయి. అక్కడున్న పెద్దావిడను "ఇవి ఎప్పటివమ్మా?" అని అడిగితే, "మా అత్తగారు కాపురానికి వచ్చేసరికే ఉన్నాయి బాబూ, పశువులకు బాగా పనికొస్తాయని ఎవరూ తీయలేదు" అంది. అంత మంచి ఆధారం నాకు కాగితాల్లో కూడా అరుదుగా దొరికింది. వరుసగా గుండ్రటి కన్నాలున్న పొడవాటి ఇనుప రేకులు ఎవరి కంచెకైనా ఉన్నాయేమో కూడా చూడండి. సుమారు మూడు మీటర్ల పొడవు, 38 సెంటీమీటర్ల వెడల్పు, 30 కిలోల బరువుండే ఆ రేకులను నేల మీద కలిపి పరిచి రన్‌వేలు చేసేవారు.

ఒక హెచ్చరిక. దిబ్బల్లో తవ్వకండి. తూటాలాంటిది, బాంబు రెక్కలాంటిది ఏది కనబడినా ముట్టుకోకుండా పోలీసులకు చెప్పండి. తుప్పు పట్టినది చచ్చినదని అనుకోవడం పొరపాటు. ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

కాగితాలు. మీకు ఏమీ దొరకకపోవడానికి ఒక కారణం, వెతికిన పేరు. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది, శ్రీకాకుళం జిల్లా 1950లో. యుద్ధకాలంలో ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లా, ఇంగ్లిషులో అప్పుడు వైజాగపటం అని రాసేవారు. శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు. ఆ స్పెల్లింగులతో వెతకండి. బ్రిటిష్ వైమానిక దళం దినచర్య పుస్తకాలు లండన్ శివారు క్యూలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఎయిర్ 27 అనే వరుసలో పోరాట దళాలవి, ఎయిర్ 28లో స్థావరాలవి, ఎయిర్ 29లో శిక్షణ కేంద్రాల వంటి మిగతా విభాగాలవి. మీ చోటు ఎయిర్ 28లో దొరికితే స్థావరం ఉన్నట్టు. కేవలం ఎయిర్ 27లోని ఒక దళం పుస్తకంలో కనిపిస్తే, కొన్నాళ్లు మకాం వేసి వెళ్లినట్టు.

ఇంటి దగ్గర తహసీల్దారు కార్యాలయం ఉంది. మనవి ఎక్కువగా జమీందారీ గ్రామాలు. 1948 చట్టంతో జమీందారీలు రద్దయిన తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే భూమి రికార్డులో ఆ సర్వే నంబరుకు ఎదురుగా ఏమని రాశారో చూడండి. సర్వే నంబర్ల హద్దులు, కొలతలు చూపే ఎఫ్.ఎం.బి. పటం కూడా తీయించండి. నేను చూసిన ఒక గ్రామంలో అన్ని మళ్లూ వాలును బట్టి వంకరటింకరగా ఉంటే, ఒక్క నంబరు మాత్రం వాటన్నిటినీ అడ్డంగా కోస్తూ రూళ్లకర్ర పెట్టి గీసినట్టు తిన్నగా సాగింది. గచ్చు పూర్తిగా పోయినా పటంలో ఆ గీత పోలేదు. యుద్ధకాలంలో భూములను భారత రక్షణ నిబంధనల కింద స్వాధీనం చేసుకునేవారు. పరిహారం అందిన కుటుంబాల్లో పాత నోటీసు ఏదైనా ట్రంకు పెట్టెలో ఉండవచ్చు, అడగడంలో తప్పులేదు.

చనిపోయినవారి గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. శిక్షణలో పోయిన ప్రాణాలు చాలా ఎక్కువ. బ్రిటిష్ బాంబర్ దళం ఒక్కదానిలోనే ప్రమాదాల్లో, శిక్షణలో పోయినవారు 8,000 దాటారు. అమర్దా రోడ్‌లో 1945 జులై 26న ఆరు విమానాలు గుంపుగా ఎగిరే అభ్యాసంలో ఉండగా రెండు లిబరేటర్లు తక్కువ ఎత్తులో ఢీకొని 14 మంది పోయారు. యుద్ధం ముగియడానికి మూడు వారాలు కూడా లేదు. వారెవరూ ఆ రోజు శత్రువును చూడలేదు. మీ ప్రాంతంలో విమానం కూలిందన్న కథ ఏదైనా ఉంటే దాన్ని వదలకండి. దక్షిణ, తూర్పు భారతంలోని చాలా శ్మశానాల నుంచి యుద్ధ సమాధులను 1952లో ఏర్పాటైన మద్రాసు యుద్ధ శ్మశానానికి చేర్చారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలో పేరు, తేదీ, దళం ఉంటాయి. తేదీ దొరికితే ఆ దళం దినచర్యలో ఆ రోజు పేజీ తెరవవచ్చు. ఒక రన్‌వే చరిత్ర అలా ఒక మరణం నుంచి వెనక్కి దొరికిన సందర్భం నాకు తెలుసు.

ఇవన్నీ నెమ్మదిగా చేసుకోవచ్చు. ఆగనిది తాతగారి చెల్లెలి వయసు. ఈ ఆదివారమే వెళ్లండి. సంవత్సరం అడిగితే ఆవిడ చెప్పలేకపోవచ్చు. విశాఖ మీద బాంబులు పడి జనం ఊళ్లకు పారిపోయి వచ్చారే, దానికి ముందా తర్వాతా అని అడగండి. పైడితల్లమ్మ సిరిమాను దగ్గరలోనా, సంక్రాంతి దగ్గరలోనా అని అడగండి. మీరు జవాబు అందించకండి, మధ్యలో ఆపకండి, ఫోనులో రికార్డు చేయండి. కాల్పుల చప్పుడు పైనుంచి వచ్చేదా, నేల మీది నుంచా అని అడగండి.

ఆఖరున ఇది అడగండి: "ఆ గుడ్డ సంచిని చివరికి ఏం చేసేవారు?" లాగే విమానం దిగే ముందు కిందుగా వచ్చి, లెక్క చూసేవారు కాచుకుని ఉన్న చోట దాన్ని వదిలేస్తుంది. సంచి మీ పట్టీ మీదే పడేదని, సిపాయిలు పరుగెత్తి తీసుకెళ్లి నేల మీద పరిచేవారని ఆవిడ చెబితే, కన్నాలు లెక్కపెట్టినవారు మీ ఊరి దగ్గరే ఉన్నారన్నమాట. అప్పుడు నాకు రాయండి. ఆ దిబ్బ ఎక్కడుండాలో వచ్చి మీతో కలిసి వెతుకుతాను.